నూకరాజు గారి దగ్గు

తాటిరేవు పట్టణంలో మాయరోగం వచ్చిపోయాక, పోయినవాళ్ల దగ్గులు మాత్రం వాళ్ల వాళ్ల ఇళ్లలోనే ఉండిపోయాయి. మనుషుల్ని అంబులెన్సు తీసుకెళ్లింది. బట్టలు తగలబెట్టారు, మంచాలు బ్లీచింగు నీళ్లతో కడిగారు. దగ్గుల సంగతి ఎవరికీ తోచలేదు. మొదట్లో జనం కాస్త ఉలిక్కిపడ్డా, కరెంటు కోతలకీ దోమలకీ అలవాటు పడ్డ ఊరు కనుక దీనికీ అలవాటు పడిపోయింది.

నిజం చెప్పాలంటే దగ్గుల వల్ల ఊరికి మేలే జరిగింది. దొంగతనాలు తగ్గాయి. ఖాళీ ఇంట్లోంచి ఎవరో పెద్దాయన ఖళ్లుమంటుంటే తాళం పగలగొట్టే ధైర్యం ఎవడికుంటుంది? అద్దె ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు కుళాయి నీళ్ల సంగతి అడిగి, ఆ వెంటనే దగ్గు ఎవరిదని అడిగేవారు. లెక్కల మాస్టారి దగ్గు వినిపించే వాటాకి గిరాకీ ఎక్కువ, పిల్లలు బుద్ధిగా చదువుకుంటారని. పెళ్లిచూపుల్లో లోపలి గదిలోంచి తాతగారి దగ్గు వినబడితే అది అంగీకారం కిందే లెక్క. బతికుండగా ఆయన దేనికీ ఒప్పుకున్న పాపాన పోలేదన్నది వేరే సంగతి.

ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసిన నూకరాజు గారి దగ్గు ఇంకా పద్ధతైనది. బతికున్నప్పుడు ఆయన డ్యూటీ దిగి వచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచి, గట్టిగా ఒకసారి దగ్గాకే లోపలికి అడుగుపెట్టేవారు. మగాడు వస్తున్నాడని ఆడవాళ్లకు అలా తెలియజెయ్యడం ఆ వీధిలో మర్యాద, అందులోనూ కోడలు వచ్చిన ఇంట్లో. పోయాక కూడా ఆ దగ్గు హద్దు మీరలేదు. సాయంత్రం గుమ్మం బయటే ఒకసారి వినిపించేది. వినగానే కోడలు లోవరాణి కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వెళ్లేది. కొడుకు మణికంఠ బల్ల మీద చాపిన కాళ్లు దించి, ఫోను జేబులో దాచేవాడు. భార్య వీరవేణి చక్కెర వెయ్యని టీ గ్లాసు తెచ్చి గుమ్మం పక్క గట్టు మీద పెట్టేది, ఆయనకు షుగరు కనుక. చల్లారిన ఆ టీని పిల్లి కూడా వాసన చూసి వెళ్లిపోయేది.

మణికంఠకి ఇదంతా నచ్చేది కాదు. "పోయినాక కూడా కాళ్లు చాపుకోనివ్వడేంటే," అని పెళ్లాం దగ్గర విసుక్కునేవాడు. వీరవేణికి మాత్రం మిగిలింది అదొక్కటే. ఆయన్ని అంబులెన్సు ఎక్కించేటప్పటికి ఆమె కూడా జ్వరంతో వేరే ఆసుపత్రిలో ఉంది. ఆఖరి చూపు దక్కలేదు. మునిసిపాలిటీ వాళ్లు కవరులో చుట్టి ఎక్కడ దహనం చేశారో ఈనాటికీ తెలీదు. ఏడుద్దామన్నా ఎదురుగా ఏమీ లేకపోయింది. దగ్గు వచ్చిన మొదటి సాయంత్రమే ఆమె కడుపారా ఏడిచింది, ఆ తర్వాత లేచి టీ పెట్టింది.

ఇలా ఉండగా పట్టణాన్ని రోగం లేని ఊరుగా ప్రకటించాలని పైనుంచి ఉత్తర్వులొచ్చాయి. మంత్రిగారు రావాలి, రిబ్బను కత్తిరించాలి. మనిషి లేని దగ్గు ఒక్కటి మిగిలినా ప్రకటన కుదరదన్నారు. బతికున్నవాళ్ల దగ్గులతో ఇబ్బంది లేదు, అది వాళ్ల సొంత వ్యవహారం. దగ్గు రాగానే పాల క్యానులో పట్టి, మూత బిగించి, ఊరి బయట సున్నం చల్లిన గోతిలో పూడ్చేలా ఏర్పాటు జరిగింది. క్యాన్ల ఆటో వీధిలోంచి పోతుంటే లోపల దగ్గులన్నీ ఒకదానికొకటి బదులిచ్చుకునేవి.

శానిటరీ ఇన్‌స్పెక్టరు ప్రభుదాసు ఒక సాయంత్రం క్యాను పట్టుకొచ్చి నూకరాజు గారి గుమ్మం ముందు కూర్చున్నాడు. మర్యాదస్తుడు.

"మా అమ్మ దగ్గుకీ నేనే మూత పెట్టేనండి," అన్నాడు. "రూలు అందరికీ ఒకటే కదండి. ఇల్లు బావురుమంటందండి ఇప్పుడు."

"ఆయన్ని ఒకసారి మీరే ఎత్తుకెళ్లేరు కదండి," అంది వీరవేణి. "అప్పుడు అడ్డం పడలేకపోయేను. రెండోసారి ఇవ్వనండి."

"ఇవ్వకపోతే మంత్రిగారు రారండి."

"రాకపోతే మానేత్తారండి."

మణికంఠ లోపల నిలబడి వింటున్నాడు. రేపట్నుంచి కాళ్లు చాపుకోవచ్చని లోలోపల సంబరంగానే ఉంది.

అంతలో గుమ్మం బయట నూకరాజు గారి దగ్గు వినిపించింది. ప్రభుదాసు అలవాటుగా లేచి, "రండి మేస్త్రిగారూ," అన్నాడు. ఆ తర్వాత పని గుర్తొచ్చి క్యాను మూత తీశాడు.

"అది నాదండి!" అంది వీరవేణి.

"మీదైతే గొడవే లేదండి. ఏదీ, ఒక్కసారి దగ్గండి, ఎల్లిపోతాను."

వీరవేణి దగ్గింది. జీవితమంతా కొంగు అడ్డం పెట్టుకుని దగ్గిన సన్నటి దగ్గు అది. ప్రభుదాసు జాలిగా తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్లీ దగ్గింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా దగ్గింది. అయినా అది ఆయన దగ్గు కాలేదు. ప్రభుదాసు క్యాను ముందుకు జరుపుతుంటే రెండు చేతులతో దాని మూతి కప్పేసి కూలబడిపోయింది.

అప్పుడు మణికంఠ దగ్గాడు.

ఎందుకు దగ్గాడో వాడికే తెలీదు. తల్లి మొహం చూడలేకపోయాడు, అంతే. కానీ వచ్చింది అచ్చం తండ్రి దగ్గు, ముందు కాస్త బొంగురు, ఆపైన డిపో షెడ్డు దద్దరిల్లే మోత. వంటింట్లో లోవరాణి చేతిలోంచి గరిటె జారిపడింది. అందరికంటే ఎక్కువ హడలిపోయింది మణికంఠే.

"చాలండి," అన్నాడు ప్రభుదాసు. ఖాళీ క్యాను భుజానికెత్తుకుని మెట్లు దిగుతూ ఆగాడు. "మా అమ్మ దగ్గు నాకొచ్చేదేమో, చూసుకోలేదండి నేను."

కబురు ఊరంతా పాకింది. మర్నాటి నుంచి ఇంటికొకరు ముందుకొచ్చి పోయినవాళ్ల దగ్గు తమదేనని దగ్గి చూపించారు. కాలేజీ పిల్ల అమ్మమ్మలా దగ్గింది, కొత్త పెళ్లికొడుకు అన్నలా దగ్గాడు. మంత్రిగారు వచ్చి తాటిరేవులో రోగం ఆనవాలు కూడా లేదని ప్రకటించారు. సభ మొత్తం దగ్గుతూనే చప్పట్లు కొట్టింది. అందరూ కులాసాయేనా అని ఆయన అడిగితే, "ఆయ్, కులాసాయేనండి," అన్నారు గొంతులు సవరించుకుని.

బతికున్న గొంతులో చేరిన దగ్గు మళ్లీ దానంతటది గుమ్మం బయట వినిపించదు. ఆ సంగతి అందరికీ తర్వాత తెలిసింది. ప్రభుదాసు వచ్చి వెళ్లిన మర్నాటి సాయంత్రం వీరవేణి టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో చాలాసేపు నిలబడింది. పని నుంచి వచ్చిన మణికంఠ చెప్పులు విడుస్తూ ఆమెను చూశాడు. చూసి, గట్టిగా ఒకసారి దగ్గాడు. మొగుడి కోసం ఏనాడూ కదలని లోవరాణి కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వెళ్లింది.

వీరవేణి గ్లాసు గట్టు మీద పెట్టలేదు, వాడి చేతికిచ్చింది. మూడు చెంచాల చక్కెర పడితే గాని టీ ముట్టని మణికంఠ ఒక గుక్క తాగాడు.

"సరిపోయిందా?" అని అడిగింది ఆవిడ.

"సరిపోయింది," అన్నాడు. కుర్చీలో కూర్చుని, కాళ్లు కింద పెట్టుకుని, మిగతాది కూడా తాగేశాడు.