ఎలుకలన్నీ క్షేమమే

పొద్దున్నే ల్యాబుకి వెళ్ళడం, ఎడమ పంజరంలో గంతులేసే ఎలుకల్నీ కుడి పంజరంలో నీరసంగా పడి ఉన్న ఎలుకల్నీ పక్కపక్కన ఫొటో తీయడం, పదకొండింటికి వచ్చే పరిశీలకులకి చూపించడం, మధ్యాహ్నం ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోవడం. పరిశోధకురాలు ఆవేళ వేసుకున్న పథకం ఇంతే. ఇంత చిన్న పథకానికీ విఘ్నాలుంటాయని ఆ పిచ్చితల్లికి తోచలేదు.

ఆమె పని రెండు పరాన్నజీవుల మీద. రెండూ రక్తంలో చేరేవే, ఒకే కుటుంబానివి. చిన్నది సోకితే ఎలుక కొన్నాళ్ళు ముడుచుకు పడుకుని లేస్తుంది. పెద్దది సోకితే ఇక లేవదు. ల్యాబులో వాటిని తమ్ముడు, అన్న అనేవారు. తమ్ముడి దెబ్బ తిని కోలుకున్న ఒళ్ళు అన్నని కూడా పోలిక పట్టి తరిమేస్తుందని ఆమె వాదన. అందుకే నెల కిందట ఎడమ పంజరానికి తమ్ముణ్ణీ, కుడి పంజరానికి ఉత్త ఉప్పునీళ్ళూ ఎక్కించింది. పోయిన వారం రెండిటికీ అన్నని ఎక్కించింది. ఇప్పుడు పరిశీలకులకి తేడా కనిపిస్తే పరిశోధన ఇంకో ఏడాది సాగుతుంది. లేకపోతే గది చేపల విభాగానికి పోతుంది. ఆ విభాగాధిపతి అప్పుడే టేపు తెచ్చి గోడలు కొలుచుకుని కూడా వెళ్ళాడు.

తలుపు తీసేసరికి ఎడమ పంజరంలో ఎలుకలు చక్రం తిప్పుతున్నాయి. కుడి పంజరంలో ఎలుకలు చక్రం కోసం కొట్టుకుంటున్నాయి. ఎలుకల గది ఇన్‌చార్జి, అందరూ అత్తయ్య అని పిలిచే పెద్దావిడ, వాటికి మేత వేస్తూ మురిసిపోతోంది.

పరిశోధకురాలు వెంటనే ప్రొఫెసరుకి ఫోన్ చేసింది.

"సార్, కుడివైపువి కూడా బాగున్నాయి సార్!"

"పొద్దున్నే ఏం అశుభం మాటలమ్మా అవి!"

"అన్న చచ్చిపోయుంటాడు సార్. వాణ్ణి దాచిన ఫ్రీజరు పాడైనట్టుంది."

ప్రొఫెసరు చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని పరుగున వచ్చాడు. వస్తూనే ఫ్రీజరు ఖాళీ చేయించి మెకానిక్‌ని పిలిపించాడు. ఆ ఫ్రీజర్లో సగం చేపల విభాగానిదని హడావుడిలో ఎవరికీ గుర్తులేదు. మెకానిక్ దాన్ని ఊడదీసి, అంతా నిక్షేపంగా ఉందని తేల్చేలోపు వరండా పొడుగునా చేపలు కరగడం మొదలైంది.

"నా చేపలు కరిగిపోతున్నాయండీ!" అని విభాగాధిపతి గోలపెట్టాడు.

"ఇక్కడ నా పరువు కరిగిపోతోందయ్యా!" అన్నాడు ప్రొఫెసరు.

సరిగ్గా అప్పుడే పరిశీలకులు ముక్కులు మూసుకుంటూ లోపలికొచ్చారు. ప్రొఫెసరు నవ్వు తెచ్చిపెట్టుకుని ఎడమ పంజరం చూపించాడు.

"చూశారా మేడమ్! మా పద్ధతి వల్ల ఎలుకలన్నీ క్షేమమే."

పెద్ద పరిశీలకురాలు కళ్ళజోడు సవరించుకుని కుడివైపు చూసింది. "ఇవి మీ పద్ధతేమీ లేనివి కదా? ఇవీ క్షేమంగానే ఉన్నాయి. మరి మధ్యలో మీరెందుకు?"

పరిశోధకురాలికి ఏడుపు తన్నుకొచ్చింది. పడ్డ కష్టమంతా ఎలుకలపాలేనా అనుకుంది. చివరి ఆశగా కుడివైపు ఎలుకల రక్తం పరీక్షించింది. ఫలితం చూసి ఆమెకి మతిపోయింది. తమ్ముడు వచ్చి వెళ్ళిన గుర్తులు అన్నిట్లోనూ ఉన్నాయి.

"వీటికి తమ్ముణ్ణి ఎవరు ఎక్కించారు?" అని అరిచింది.

"నేనే. ఏం?" అంది అత్తయ్య. "ఆ పిల్లలకేమో మందు, ఈ పిల్లలకేమో ఉత్త నీళ్ళా? అన్నీ నా చేతుల్లో పుట్టినవేనాయె! నువ్వటు వెళ్ళగానే సీసా అడుగున మిగిలింది సూదితో తలా కాస్త వేశాను. ఒకళ్ళకి పెట్టి ఇంకొకళ్ళ నోరు కొట్టడం నావల్ల కాదమ్మాయ్."

"అది మందు కాదు అత్తయ్యా, రోగం!"

"తగ్గిపోయిందిగా!"

పెద్ద పరిశీలకురాలు ముందుకు వంగింది. "తలా ఎంత వేశారు?"

"ఎంతుంటుందండీ? ఈ అమ్మాయి వేసినదాంట్లో పదోవంతు కూడా ఉండదు."

పరిశీలకురాలు కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ కాస్తకే అన్న తోక ముడిచాడా? ఇది మీరు చూపిస్తానన్నదానికన్నా పెద్ద సంగతి. కానీ పోల్చడానికి ఉత్త నీళ్ళ ఎలుకలు లేకుండా నమ్మలేం. మళ్ళీ మొదట్నుంచీ చెయ్యండి. ఒక ఏడాది చాలదు, రెండేళ్ళు తీసుకోండి."

విభాగాధిపతి చేపలు ఏరుకోవడానికి వెళ్ళాడు. పరిశోధకురాలికి అత్తయ్య మీద పీకలదాకా కోపం ఉంది. అయినా సంతోషం పట్టలేక వాటేసుకుని, "ఇంకోసారి సూది ముట్టుకుంటే ఊరుకోను!" అంది.

ఈసారి ఉత్త నీళ్ళ ఎలుకల పంజరానికి గట్టి తాళం వేయాలని పరిశీలకులు షరతు పెట్టారు. తాళంచెవి మాత్రం, నిబంధనల ప్రకారం, ఎలుకల గది ఇన్‌చార్జి దగ్గరే ఉండాలి.