శుక్రవారం ఏడింటికి హాజరు

సెలవు రోజు పొద్దెక్కేదాకా పడుకోవడం మనిషికి చేటు! ఈ సంగతి ఖతర్‌లో ఉన్న మా ఊరి మగవాళ్ళకు తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలియదు.

వారానికి ఆరు రోజులు వరల్డ్ కప్ స్టేడియం డ్యూటీ చేసి, శుక్రవారం బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంప్‌లో ముసుగుతన్ని పడుకునేవాళ్ళు. అలాంటిది ఇప్పుడు శుక్రవారం ఏడింటికల్లా స్నానాలు చేసి, తలలు దువ్వుకుని, మెస్ హాల్లో బెంచీల మీద వరసగా కూర్చుంటున్నారు. ఇంత క్రమశిక్షణ కంపెనీ వల్ల కూడా కాలేదు. ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ వల్ల అయింది.

ఆయన ఫరీదుద్దీన్ సార్. ముప్పై నాలుగేళ్ళు సర్కారు బళ్ళలో పాఠాలు చెప్పారు. మా ఊరి బడిలో పిల్లలు పదహారు మందికి పడిపోయారు. జూన్ నెలాఖరుకు ఇరవై మంది లేకపోతే బడి ఎత్తేసి పక్క ఊరి బడిలో కలిపేస్తారని కబురొచ్చింది. అక్కడికి పోవాలంటే హైవే దాటాలి. ఆడపిల్లల్ని ఎవరు పంపుతారు? మా క్యాంప్‌లోనే ఉండే గంగన్న కూతురి చదువు మూడో తరగతితో సరి!

అందుకే సార్‌ను బడి కమిటీ ఛైర్మన్‌గా ఎన్నుకున్నాం. ఆ బడిలో ఇంటి పిల్ల చదువుతుంటేనే కమిటీలోకి రానిస్తారు కనుక, సార్ తన మనవరాలు గౌహర్‌ను టౌన్ బడి మానిపించి ఇందులో చేర్చారు. తల్లులు బడిలో చేతులెత్తారు. తండ్రులు వీడియో కాల్‌లో ఎత్తారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి కనుక ప్రచార కరపత్రం నేనే రాశాను. "బడి మనది, బాధ్యత మనది!"

ఎన్నికైన మనిషి ఏం చెయ్యాలి? దండ వేయించుకోవాలి, ఫోటో దిగాలి, మనల్ని మరిచిపోవాలి. అదీ పద్ధతి! సార్‌కు ఆ పద్ధతి తెలియదు. మొదటి వారమే, శుక్రవారం వీడియో కాల్‌లో తండ్రులకు హాజరు పెట్టారు. అక్కడ బడి గంట తొమ్మిదిన్నరకు, అంటే ఇక్కడ ఏడింటికి. అక్కడ పిల్ల లెక్క చెయ్యాలి, ఇక్కడ తండ్రి అదే లెక్క చెయ్యాలి.

లాభాలు చూడండి. ఇరవై టన్నుల బీమ్‌ను చేతి సైగతో క్రేన్ మీద నిలబెట్టే గంగన్న, భాగహారం దగ్గర చెమటలు కక్కి పావుకిలో తగ్గాడు. పక్క మంచం నేపాలీ అతనికి మా ఊరి పిల్లల పేర్లన్నీ కంఠతా వచ్చేశాయి. తాపీ మేస్త్రీ రాజేందర్‌కైతే తానెక్కడున్నాడో నాలుగేళ్ళ తర్వాత తెలిసింది.

"దుబాయ్‌ల మస్తు ఎండలు సార్, తలకాయ పన్జేస్తలేదు," అన్నాడొకసారి.

"నువ్వున్నది ఖతర్‌ల రా! నీ కొడుకు పటంల చూపిస్తడు, చూసి నేర్చుకో."

టాబ్ పట్టుకునే పని నాది. కెమెరా వెనక నిలబడి, ముందున్నవాళ్ళు తిట్లు తింటుంటే నవ్వుకునేవాణ్ణి. ఇంత మంచి శుక్రవారాలు నా జన్మలో లేవు!

జూన్ చివరి శుక్రవారం సార్ అడిగారు. "గంగన్నా, మీ ఫుట్‌బాల్ ఆటకు ఇంకెన్ని రోజులున్నయ్‌రా?"

"నూటయాభై సార్. రోడ్డు మీద పెద్ద గడియారం పెట్టిండ్రు."

"మన బడికి ఆరు రోజులే. పందొమ్మిది మంది అయిండ్రు. ఇంకొక్కరు కావాలె." సార్ పెన్ను మూత తీశారు. "ఆ టాబ్ పట్టుకున్నదెవరు?"

"మన తిరుమల్ సార్," అన్నాడు రాజేందర్, ఎంత సంతోషంగానో!

"టాబ్ నీ దిక్కు తిప్పుకో బిడ్డా. నువ్వు ఏ బడిల చదివినవ్?"

"ఈ బడిలనే సార్... మీ దగ్గర్నే."

"నీ కొడుకు?"

మా వాడు టై కట్టుకుని టౌన్‌కు పసుపు వ్యాన్‌లో పోతాడు. ఆ మాట ఇన్ని శుక్రవారాల్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. "సార్, సిగ్నల్ మాఫీ," అని, లేదనడానికి ఇక్కడి అరబ్బీ మాట ఒకటి పడేసి, టాబ్ ఆపేశాను. గంగన్న నావైపు చూశాడు. కూతురి లెక్క రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఇంటికి ఫోన్ చేస్తే మా శోభ ఎత్తింది. "సార్ మొన్ననే వచ్చి దరఖాస్తు ఇచ్చిపోయిండు. అంతా నింపిన. నీ సంతకమే తక్కువ. చేస్తవా, చెయ్యవా?"

తెల్ల కాగితం మీద చేశాను. ఫోటో తీసి పంపాను. ఇరవై!

కనుక పాఠకులారా, మీ ఊరి బడికి జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషినే ఎన్నుకోండి, మంచిదే. కాకపోతే ఆయన మీకు చెప్పినవాడు కాకుండా చూసుకోండి. మా బడిని ఆయన కాపాడతాడని ఎన్నుకున్నాం; మమ్మల్నే దాన్ని కాపాడమంటాడని ఎవరనుకున్నారు?

వచ్చే శుక్రవారం నుంచి నాదీ ముందు బెంచీయే. మా వాడికి వచ్చిన పదిహేడో ఎక్కం నాకు రాదు. టాబ్ మాత్రం గంగన్న పట్టుకుంటానన్నాడు. ఇప్పటినుంచే నవ్వుతున్నాడు.