మైనస్ ఆరు డెసిబెళ్ళ కారు

ప్రపంచంలో ఎక్కడా లేని నిశ్శబ్ద రేసింగ్ ట్రాక్‌ను మన ఊరికి ప్రసాదిస్తున్నట్టు క్రీడలు మరియు ప్రశాంతత శాఖ మంత్రిగారు మైకులో ప్రకటించారు. నాలుగు వీధుల అవతల కునుకు తీస్తున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి లేచి ఆ శుభవార్త విన్నారు.

నిశ్శబ్ద రేసింగ్ అంటే ఏమిటని ఓ విలేకరి అడిగాడు. "కార్లు పరిగెడతాయి, చప్పుడు పరిగెత్తదు" అని మంత్రిగారు సెలవిచ్చారు. విలేకరి ఇంకేదో అడగబోయాడు గానీ, అప్పటికే కార్యకర్తలు చప్పట్లు కొట్టేశారు.

ట్రాక్ డే అంటే మరేం లేదు. సొంత కార్లున్న బాబులు సెలవు రోజున టికెట్టు కొనుక్కుని, రేసు ట్రాక్ మీద ఎవరి కారు వాళ్ళు తోలుకునే పండగ. ట్రాక్ గోడ పక్కనే కాలనీ ఉంది కాబట్టి, ఏ కారూ తొంభై అయిదు డెసిబెళ్ళు దాటకూడదన్నారు. ఒక్క కారు దాటినా ట్రాక్‌కి తాళం వేసి, తాళంచెవి కాలనీవాళ్ళ చేతిలో పెడతానని మంత్రిగారు మాటిచ్చారు. మాటివ్వడంలో ఆయనంత ఉదారులు ఇంకొకరు లేరు.

ఆ డెసిబెళ్ళను కొలిచే భారం శబ్ద నియంత్రణ కార్యాలయంలోని డిప్యూటీ డైరెక్టరు మీద పడింది. ఆఫీసులో అందరూ ఆయన్ని డెసిబెల్ గారు అంటారు. ఫ్యాను కిర్రుమంటే ఎంత కిర్రుమందో మీటరు చూడకుండా చెప్పగల ఘనుడు. ఆయన ఇల్లు కాలనీ మొదటి వరుసలో, సరిగ్గా ట్రాక్ గోడకి ఎదురుగా ఉంది. ఆ ఇంట్లో రెండు నెలల మనవరాలుంది. ట్రయల్ పరుగులు మొదలైన దగ్గర్నుంచి ఆ పిల్లకి కంటిమీద కునుకు లేదు. పిల్లకి లేదంటే ఇంట్లో ఇంకెవరికీ లేనట్టే.

"నాన్నా, పిల్ల బరువు పెరగట్లేదు. నిద్ర లేకపోతే ఎలా పెరుగుతుందని డాక్టరుగారు నన్ను కేకలేశారు" అంది కూతురు, కళ్ళు ఎర్రగా చేసుకుని. "ఒక్క కారు ఫెయిలైతే చాలట కదా? అది మీ చేతిలో పనే కదా?"

"చూస్తూ ఉండమ్మా. నా మీటరు ఎవడి మొహమూ చూడదు" అన్నారు డెసిబెల్ గారు. పాపం, ఆ పూటకి ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు.

ట్రాక్ డే నాడు వరసలో మొట్టమొదటి కారు మంత్రిగారి అల్లుడిది. కంపెనీవాడు పెట్టిన సైలెన్సరు మరీ మెత్తగా మాట్లాడుతోందని అల్లుడుగారు దాన్ని పీకించేసి, బయటనుంచి తెప్పించిన ఓ మెరిసే గొట్టం బిగించుకున్నారు. డెసిబెల్ గారు రూలు ప్రకారం గొట్టం పక్కన మీటరు నిలబెట్టి ఇంజను రేజ్ చెయ్యమన్నారు. గోడ అవతల కుక్కలన్నీ ఒక్కసారి మొరిగి, లాభం లేదని మానేశాయి.

"నూట పన్నెండు" అన్నారు డెసిబెల్ గారు.

"పాసేనా అంకుల్?" అన్నారు అల్లుడుగారు.

"తొంభై అయిదు దాటకూడదు బాబూ."

అల్లుడుగారి మెకానిక్కు ఏమాత్రం కంగారుపడలేదు. ఇలాంటి పరీక్షల కోసమే తెచ్చిన ఇనప బిరడా ఒకటి గొట్టంలో దిగ్గొట్టాడు. పరీక్షయ్యాక ఊడబెరికేది కదా అని బోల్టు బిగించలేదు. మళ్ళీ ఇంజను రేజ్ చేసేసరికి ఆ బిరడా ఫెడేల్మని ఎగిరి, ఎదురుగా ఉన్న ఫ్లెక్సీలో మంత్రిగారి చెవిని తీసుకుపోయింది.

ఒరిజినల్ చెవితో మంత్రిగారు స్వయంగా విచ్చేశారు.

"ఏంటయ్యా గొడవ?"

"శబ్దం ఎక్కువుంది సార్."

"ఇంజను ఆపి కొలువు. ఎంతుంటుంది?"

"ఆపితే ఏ కారుకీ ఉండదు సార్."

"మరి ఆ ముక్కే రాసుకో. ఆపిన కారు నిశ్శబ్దంగా ఉందని రాస్తే అబద్ధమేం కాదుగా?"

"నడిచేటప్పుడు కొలవాలని రూలుంది సార్."

మంత్రిగారు ఆయన భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళారు. "ఇదిగో చూడు, మీ ఆఫీసులో జాయింట్ డైరెక్టరు కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ ఖాళీగా ఉందంటే నాకు నిద్రపట్టదు. నువ్వు చదువుకున్నవాడివి. మనసు పెట్టి ఆలోచిస్తే ఏదో ఒక రూలు తగలకపోదు."

డెసిబెల్ గారు మనసు పెట్టారు. ఆ కుర్చీ కళ్ళముందు ఆడింది. దాని చేతులకి మెత్త కూడా ఉంటుంది. మనవరాలు కూడా కళ్ళముందు ఆడిందనుకోండి, కాకపోతే కుర్చీ కాస్త దగ్గరగా ఆడింది.

"చుట్టుపక్కల శబ్దం ఏదైనా ఉంటే, అది మీటరు లెక్కలోంచి తీసెయ్యాలని ఒక రూలుంది సార్" అన్నారు గొంతు సవరించుకుని.

"చుట్టుపక్కల శబ్దమే కదా? అది నాకొదిలెయ్" అన్నారు మంత్రిగారు.

చూస్తుండగానే వేదిక లేచింది. స్పీకర్లు దిగాయి. ప్రశాంతత యొక్క ఆవశ్యకత మీద మంత్రిగారు గొంతు చించుకుని ప్రసంగించారు. డెసిబెల్ గారు ఆ ప్రసంగాన్ని కొలిస్తే నూట పద్దెనిమిది వచ్చింది. మంత్రిగారు మంచినీళ్ళు తాగడానికి ఆగినప్పుడు కారును కొలిస్తే మళ్ళీ నూట పన్నెండే వచ్చింది. నూట పన్నెండులోంచి నూట పద్దెనిమిది తీసేస్తే మైనస్ ఆరు. అనుమానమొచ్చి ఇంకోసారి తీసేశారు. అప్పుడూ అంతే.

"మైనస్ అంటే పాసా, ఫెయిలా?" అన్నారు మంత్రిగారు.

"పాసే సార్. పాస్ కన్నా ఎక్కువ. లెక్క ప్రకారం ఈ కారు శబ్దం చెయ్యట్లేదు, ఉన్న శబ్దాన్ని తాగేస్తోంది."

"మా అల్లుడు మొదట్నుంచీ అంతేనయ్యా" అని మంత్రిగారు ముచ్చటపడిపోయారు.

పేపర్లన్నీ శబ్దం తాగే కారు ఫొటో వేశాయి. డెసిబెల్ గారు జాయింట్ డైరెక్టరై మెత్త చేతుల కుర్చీలో కూర్చున్నారు. ఇంత గొప్ప కారు ఆదివారాలు మాత్రమే తిరగడం ప్రజాధనానికి, అంటే అల్లుడుగారి ధనానికి, నష్టమని మంత్రిగారు భావించారు. శబ్దంతో బాధపడుతున్న కాలనీ ఏదైతే ఉందో, అందులోనే ఆ కారు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఉచితంగా తిరుగుతుందని ఉత్తర్వులిచ్చారు. ప్రశాంతతను గడప గడపకీ చేర్చడమంటే అదీ!

"ట్రాక్ మీద తిరిగే కారు ఇప్పుడు మన గుమ్మంలో తిరుగుతోంది. చల్లగా ఉందా మీ ప్రాణానికి?" అంది కూతురు. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"నేను లెక్క మాత్రమే వేశానమ్మా" అన్నారు తండ్రిగారు.

కాలనీవాళ్ళు మూకుమ్మడిగా ఫిర్యాదు చేశారు. మంత్రిగారు నొచ్చుకున్నారు. కారు మైనస్ ఆరని ప్రభుత్వమే తేల్చాక, ఇంకా చప్పుడొస్తోందంటే ఇళ్ళల్లో ఎవరో చేస్తున్నారన్నమాటేగా? ఇల్లిల్లూ కొలవండి, పరిమితి దాటినవాళ్ళని కాలనీలోంచి పంపించెయ్యండి అన్నారు. కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టరు మీటరు పట్టుకుని బయల్దేరాడు. గురుభక్తి గలవాడు కాబట్టి మొదట జాయింట్ డైరెక్టరు గారి ఇంటికే వచ్చాడు.

కిటికీ అవతల కారు హోరుమని తిరుగుతోంది. కూతురి భుజం మీద పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఇన్‌స్పెక్టరు హాలు మధ్యలో నిలబడి కొలిచాడు.

"నూట పది సార్. బయట కారు మైనస్ ఆరు కాబట్టి, అది తాగేసింది కూడా కలపాలి. మీ ఇంట్లో అసలు శబ్దం నూట పదహారు. మీరు కనిపెట్టిన లెక్కే సార్." అని పిల్ల వైపు చూసి ఇబ్బందిగా నవ్వాడు. "పాపేననుకుంటా."

"నాన్నా, చెప్పండి ఆయనకి! అది కారు చప్పుడని ఒక్క ముక్క చెప్పండి!" అని అరిచింది కూతురు.

"చెప్పండి సార్. కారు లెక్క తప్పని మీరంటే ఈ నూట పదహారు ఇప్పుడే కొట్టేస్తాను. మినిస్టర్ గారికి కూడా నేనే ఫోన్ చేసి చెప్తాను" అన్నాడు ఇన్‌స్పెక్టరు వినయంగా.

జాయింట్ డైరెక్టరు గారు పిల్లవంక చూశారు. చిన్న చెయ్యి గాల్లో కొట్టుకుంటోంది. ఇన్‌స్పెక్టరు వైపు తిరిగారు.

"చంటిపిల్లలకి మినహాయింపేమైనా ఉందా?"

"లేదు సార్."

"అయితే ఫెయిల్ రాయి" అన్నారు.

పిల్లనెత్తుకునే కూతురు లోపలికెళ్ళింది. పిల్ల బట్టలు సంచిలో కుక్కుకుని గుమ్మం దిగింది. ఆయన భార్య చేతిలో గరిటె స్టవ్ పక్కన పడేసి, చెప్పులేసుకుని కూతురి వెనకే వెళ్ళిపోయింది. ఆయన కిటికీ దగ్గర నిలబడి, వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా చూశారు.

పద్ధతి ప్రకారం ఇన్‌స్పెక్టరు మరోసారి కొలిచాడు. మీటరు తట్టి చూశాడు. మళ్ళీ కొలిచాడు.

"ఇంకా నూట పదహారే వస్తోంది సార్" అన్నాడు, హాలంతా ఓసారి కలయజూసి. "ఇంట్లో ఇంకెవరున్నారు?"