స్ట్రైడెంట్ అని రాసిన చీటీ

ఇలా దగ్గరగా జరగండి, టీ తాగుతూనే వినండి. ఇది మా విథర్‌బెక్ చర్చిలో పాడే ఈనిడ్ సంగతి.

ఆ మంగళవారం పొద్దున ఈనిడ్ తలపెట్టింది చిన్న పనే. జిల్లా పాటల పండుగకు బృందాలను ఎంచే పెద్దాయన ఆదివారం వస్తున్నాడు. ఆ పండుగలో పాడాలని ఆమెకు ఇరవై రెండేళ్లుగా కోరిక. అడ్డల్లా చర్చిలో పాటకు తోడు వాయించే ఆర్గాన్ అనే గొట్టాల వాద్యంలోని ఒక గొట్టం. అది పలికితే చెవిలో మేకు దిగినట్టుంటుంది. వాయించే ఆగ్డెన్‌కు ఎనభై రెండేళ్లు, కొంచెం చెవుడు. ముఖం మీద చెప్తే నొచ్చుకుంటాడు. అందుకని మా దగ్గర మర్యాదస్తులు చేసేదే ఈనిడ్ కూడా చేసింది: పేరు పెట్టకుండా చీటీ రాసింది.

సరైన మాట కోసం నిఘంటువు తిరగేసింది. రాకస్ అంటే తాగినవాళ్ల గోల. గ్రేటింగ్ అంటే ఇనుము గీరిన చప్పుడు. స్ట్రైడెంట్ అంటే కటువుగా, కీచుగా, వద్దన్నా మీదికొచ్చే శబ్దం. అదే కుదిరింది. "మన పాటల్లో ఒక స్ట్రైడెంట్ ధ్వని వినిపిస్తోంది. సంబంధించినవారు దయచేసి గమనించగలరు" అని రాసి, చర్చి గుమ్మం పక్కన చెక్కపలకకు గుచ్చి వచ్చింది.

అర్థం పుస్తకంలో ఉంటుంది గానీ, వాడుక నోళ్లలో ఉంటుంది. మా ఊళ్లో ఆ మాటను గొట్టాలకు ఎవరూ వాడరు, ఆడవాళ్ల గొంతులకే వాడతారు. బృందంలో మిగతా ఆరుగురు ఆడవాళ్లూ చీటీ చదివారు. ఆరుగురూ అది తమ గురించే అనుకున్నారు. అడగడం మర్యాద కాదు గనుక ఎవరూ ఎవరినీ అడగలేదు. గురువారం సాధనకు ఆరుగురికీ జలుబే. పాపం, ఈనిడ్ ఇంటింటికీ తిరిగి తేనె సీసాలు పంచింది.

ఆదివారం పెద్దాయన ముందు వరసలో కూర్చున్నాడు. ఆగ్డెన్ మీటలు నొక్కాడు. ఆరుగురూ పెదవులు మాత్రం కదిపారు. ఈనిడ్ గొంతు ఒక్కటే లేచింది. తను ఒంటరినని మొదటి చరణంలోనే తెలిసిపోయింది, కానీ మధ్యలో ఆపడం మరీ అమర్యాద. ఐదు చరణాలూ పాడింది.

అయ్యాక స్నేహితురాలు మేవిస్ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆ చేతిరాత నీదేనని ఇప్పుడు తట్టిందే. నీ గొంతు మీద నువ్వే చీటీ పెట్టుకున్నావా? నాకైతే అంత గుండె లేదమ్మా."

ఈనిడ్ నిజం చెప్పబోయింది. ఎదురుగా ఆగ్డెన్ నిలబడి ఉన్నాడు. అవునన్నట్టు తలూపింది.

పెద్దాయనకు ఆర్గాన్ తెగ నచ్చిందట, ముఖ్యంగా ఆ గొట్టం పలికే పైస్వరం. పండుగలో వాయించడానికి ఆగ్డెన్‌ను పిలిచాడు. పాట సంగతి వచ్చే ఏడు చూద్దామన్నాడు.

ఆగ్డెన్ ఆమె భుజం తట్టాడు. "దిగులుపడకు తల్లీ. ఇకనుంచి నీ గొంతు ఎవరికీ వినపడకుండా నేను గట్టిగా వాయిస్తాలే."

ఈనిడ్ ఆయనకు ఎంతో మర్యాదగా కృతజ్ఞతలు చెప్పుకుంది. ఇది గుర్తుపెట్టుకుని మీవాళ్లకూ చెప్పండి.