శాంపిల్ బిళ్ళ

తాను కీర్తిశేషుడైన సంగతి పట్టాభిగారికి కాస్త ఆలస్యంగా తెలిసింది. అప్పటికే ఎల్బీనగర్ చౌరస్తాలో నివాళి ఫ్లెక్సీ లేచింది, రెండు నిమిషాల మౌనం ముగిసింది, మౌనం తర్వాత పెట్టిన టిఫిన్లు కూడా అయిపోయాయి. ఇందులో ఎవరి తప్పూ లేదని పార్టీ వేసిన విచారణ కమిటీ ముక్తకంఠంతో తేల్చింది. జరిగిందల్లా ఒక బిళ్ళ వల్ల జరిగింది. ఆ బిళ్ళ సంగతి మొదట్నుంచీ తెలిసిన మనిషి మాత్రం ఒకడున్నాడు. ఆయన మీర్‌పేట్ వాస్తవ్యుడు ఇశ్రాయేలు.

ఇశ్రాయేలు సర్కారు ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. నలభై ఏళ్ళుగా బిళ్ళలు పోగేస్తున్నాడు. బిళ్ళంటే జ్వరానికి వేసుకునేది కాదు, చొక్కాకు పిన్నుతో గుచ్చుకునే గుండ్రటి బ్యాడ్జీ. ఆయన లెక్కలో ఈ దేశ చరిత్ర మూడు యుగాలు. మొదటిది ఇత్తడి యుగం. అప్పుడు బిళ్ళ బంట్రోతు పట్టీకి ఉండేది, దాన్ని చూసి జనం భయపడేవారు. రెండోది రేకు యుగం. ఎన్నికల జీపులోంచి గుర్తులు అచ్చేసిన రేకు బిళ్ళలు చల్లేవారు, ఏరుకోవడానికి జనం ఒకర్నొకరు తోసుకునేవారు. మూడోది ఇప్పుడు నడుస్తున్న ప్లాస్టిక్ యుగం. రేకు మీద కాగితం, కాగితం మీద మెరిసే పొర, పొర కింద నాయకుడి నవ్వు. ఈ యుగంలో జనం భయపడరు, తోసుకోరు. ఇస్తే పెట్టుకుంటారు.

ఆయన భార్య కిష్టమ్మ దాచుకున్న మంచి దుప్పట్లు నాలుగూ ఈ బిళ్ళలకే పోయాయి. ఒక దుప్పటి నిండా గాయక బృందం, స్వయంసేవకుడు, స్టేట్ ర్యాంకర్, భోజన కమిటీ, భోజన కమిటీ పర్యవేక్షణ కమిటీ. నాయకుల దుప్పటి వేరే ఉంది. అందులో ఒకే మొహం ఐదు రంగుల అంచుల్లో ఐదు చోట్ల కనిపిస్తుంది. ఫొటో మార్చకుండా పార్టీ మార్చగల పొదుపు మన నాయకులకు తప్ప ఎవరికి చాతనవుతుంది!

ఇన్ని ఉన్నా ఇశ్రాయేలుకు మనశ్శాంతి లేదు, కర్మన్‌ఘాట్‌లో మట్టయ్య ఉన్నాడు కాబట్టి. లారీ ఆఫీసులో గుమాస్తాగా చేసి మానుకున్న మట్టయ్యకూ ఇదే పిచ్చి. ఆదివారం పూట ఇద్దరూ దిల్‌సుఖ్‌నగర్ హోటల్లో చాయ్ తాగుతూ డబుల్ పీసులు మార్చుకుంటారు. ఇశ్రాయేలు ఎంత అపురూపమైన బిళ్ళ తీసి చూపించినా మట్టయ్య చాయ్ ఊదుకుంటూ ఒకటే మాట అంటాడు.

“గిదా? నా దగ్గెర ఉన్నది.”

నలభై ఏళ్ళు ఈ మాట విన్నాడు ఇశ్రాయేలు. విన్న ప్రతిసారీ ఒళ్ళు మండింది. మట్టయ్య దగ్గర లేని బిళ్ళ ఒకటి, ఒకటంటే ఒకటి తన దుప్పటి మీద చూసుకుని కన్ను మూయాలని ఆయన కోరిక. ఇంతకంటే పెద్ద కోరికలు ఆయనకు లేవు.

ఇక పట్టాభిగారు. ముప్పై ఏళ్ళ కిందట కోస్తా నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డ ఈయన పద్దెనిమిదేళ్ళుగా కార్పొరేటర్ టికెట్టు కోసం ప్రజాసేవ చేస్తున్నారు. ఈసారి పుట్టినరోజు సభకు రెండు వేల బిళ్ళలు కావాలని దిల్‌సుఖ్‌నగర్ సందులో బిళ్ళలు కొట్టే సంధ్యారాణికి ఆర్డరిచ్చారు. రెండు అంగుళాల బిళ్ళ మీద పై వరసలో ఐదుగురు పెద్ద నాయకుల తలలు, కింద శుభాకాంక్షలు తెలుపుతున్న పదకొండు మంది పేర్లు, మిగిలిన చోట పట్టాభిగారు. ఇది కళ అంటే. అందరి తలలూ పట్టాలి, ఎవరి చెవీ రేకు మడతలోకి పోకూడదు, పోతే మరుసటి రోజు వాళ్ళు వేరే పార్టీలో ఉంటారు.

సంధ్యారాణి ముందుగా ఒక శాంపిల్ కొట్టింది. చుట్టూ చీమ తలకాయంత అక్షరాలతో “జిందాబాద్ పట్టాభన్న” అని ఉంది. పట్టాభిగారు చెవులు చూసుకుని ఓకే అన్నారు. శాంపిల్‌ను అలవాటు ప్రకారం ఇశ్రాయేలు అడిగి తెచ్చుకున్నాడు. ఎల్లుండికి రెండు వేల మంది దగ్గర ఉండే సరుకే కదా అని దుప్పటి కొసన, కుట్టు పక్కన గుచ్చాడు.

ఇంతలో కరెంటు పోయింది. కంప్యూటర్లో డిజైన్ కూడా పోయింది. సంధ్యారాణి కంగారులో ముందు రోజు పని తెరిచింది. అది నాదర్‌గుల్‌లో చనిపోయిన ఒక పెద్దమనిషి సంతాప సభ బిళ్ళ. తలలు మార్చింది, పేర్లు మార్చింది, రంగు మార్చింది, ఒక్క మాట మార్చడం మరిచిపోయింది. రెండు వేల బిళ్ళల మీదా “జోహార్ పట్టాభన్న” అని పడింది.

సభ దివ్యంగా జరిగింది. రెండు వేల గుండెల మీద రెండు వేల జోహార్లు మెరిశాయి. పట్టాభిగారు తన బిళ్ళ తానే పెట్టుకుని కేకు కోశారు. ఒక్కరంటే ఒక్కరు చదవలేదు. చదవడానికి బిళ్ళలేమైనా పుస్తకాలా అంటారా, పుస్తకాలు మాత్రం ఎవరు చదువుతున్నారు!

చదివినవాడు ఇశ్రాయేలు ఒక్కడే. చెబుదామని లేచాడు కూడా. ఎదురు వరసలో మట్టయ్య కనిపించాడు, అదే బిళ్ళ గుచ్చుకుని మురిసిపోతూ. అప్పుడు ఇశ్రాయేలు బుర్రలో లైటు వెలిగింది. జోహార్ బిళ్ళ మట్టయ్య దగ్గర ఉంది, ఊరందరి దగ్గరా ఉంది. జిందాబాద్ బిళ్ళ మాత్రం ప్రపంచంలో ఒక్కటే ఉంది, తన దుప్పటి కొసన. తప్పు బయటపడితే మళ్ళీ రెండు వేలు కొడతారు. ఇశ్రాయేలు మెల్లగా కూర్చున్నాడు.

మర్నాడు సంధ్యారాణి తానే తప్పు పట్టుకుని లబోదిబోమంది. “అంకుల్, కొంప మునిగింది. మల్ల కొట్టి పంపిస్త, అన్న కాళ్ళు మొక్కుత,” అంది.

“పాగల్ లెక్క చేయకు బిడ్డా. ఎవ్వరు సూడలే. నువ్వు చెప్తెనే తప్పయితది. ఊకో,” అన్నాడు ఇశ్రాయేలు. తన నోట అంత తియ్యటి మాట వచ్చినందుకు ఆయనకే ఆశ్చర్యం వేసింది.

కానీ సభ ఫొటోలు పై ఆఫీసుకు చేరాయి. అక్కడ కొత్తగా చేరిన ఉద్యోగి ఒకడికి ఇంకా చదివే దురలవాటు పోలేదు. ఫొటో పెద్దది చేసి చూశాడు. గంటలో ప్రకటన వెలువడింది: నిబద్ధత గల కార్యకర్తను కోల్పోయాం, వారి కుటుంబానికి ప్రగాఢ సానుభూతి. ఇప్పుడు చిక్కు వచ్చింది. పట్టాభిగారు బతికున్నారంటే పార్టీ ప్రకటన అబద్ధమని అన్నట్టు. అంత క్రమశిక్షణారాహిత్యానికి ఒడిగట్టే కార్యకర్త డివిజన్‌లో ఒక్కడూ లేడు. జోహార్ అంటే నమస్కారమనే పాత అర్థం ఉందని ఒక మాస్టారు మనవి చేశారు గానీ, అప్పటికే ఫ్లెక్సీలు అచ్చయి ఉండటం వల్ల ఆ అర్థాన్ని తిరస్కరించడమైనది.

సంతాప సభకు పట్టాభిగారు కూడా వెళ్ళారు, పోయినవారెవరో తెలియక. మౌనం, టిఫిన్లు అయ్యాక డివిజన్ అధ్యక్షుడు కృష్ణ మైకు అందుకున్నాడు.

“పట్టాభన్న లేడని ఎవడన్నడు? అన్న గీడనే ఉన్నడు! మన నడుమనే కూసున్నడు! మనల్నే సూస్తున్నడు!”

నిజంగానే అక్కడే కూర్చుని చూస్తున్న పట్టాభిగారు, పోయింది తానేనని అప్పుడు తెలిసి, చెయ్యెత్తి లేచారు. హాలంతా చప్పట్లతో మారుమోగింది. ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకున్నారు. పక్కనున్నాయన ఆయన్ని భుజం పట్టి కూర్చోబెట్టి, “ఊకోండ్రి సార్, అందరికీ బాధనే ఉన్నది,” అన్నాడు.

నెల తిరక్కుండా సానుభూతి టికెట్టు పట్టాభిగారి భార్య అరుణమ్మకు వచ్చింది. అంతకు ముందెన్నడూ గడప దాటని అరుణమ్మ భారీ ఆధిక్యంతో గెలిచారు. ఆమె భర్తను నొప్పించే మనిషి కాదు. “ఎవరైనా వచ్చినప్పుడు మీరు కాస్త మేడ మీద ఉండండి. బావుండదు,” అని మాత్రం అన్నారు. పట్టాభిగారు మేడ మీద ఉంటున్నారు. భోజనం వేళకే వస్తోంది.

ఈలోగా ఇశ్రాయేలు నలభై ఏళ్ళ నోము పండింది. ఒక ఆదివారం మట్టయ్యను ఇంటికి పిలిచి దుప్పటి విప్పాడు. మట్టయ్య కళ్ళద్దాలు తుడుచుకుని చదివాడు. మళ్ళీ తుడుచుకుని చదివాడు. నోరు తెరిచాడు, అలవాటైన మాట రాలేదు. “గిది... నా దగ్గెర లేదు,” అన్నాడు చివరికి. ఆ రోజు ఇశ్రాయేలు మట్టయ్యకు తన చేత్తో చాయ్ పోసిచ్చాడు.

ఏడాది గడిచింది. ఒక పగటిపూట, శాంపిల్ ఇశ్రాయేలు దగ్గరే ఉందని సంధ్యారాణి నోట విని, పట్టాభిగారు మీర్‌పేట్ వచ్చారు. మనిషి చిక్కిపోయారు. విచారణ కమిటీకి ఆధార్ కార్డు చూపిస్తే అది సర్కారు కాగితం, చెల్లదన్నారట. పార్టీ తలలున్న సాక్ష్యం ఏదైనా ఉంటే పరిశీలిస్తామన్నారట.

“ఇశ్రాయేలుగారూ, మీకు దణ్ణం పెడతాను. ఆ బిళ్ళ ఒక్కసారి ఇప్పించండి. అది చూపిస్తే నేను బతికున్నట్టు. కమిటీవాళ్ళు చూసి మళ్ళీ ఇలాంటివి కొట్టిస్తారు, మీది మీకు తెచ్చిస్తాను.”

“ఇచ్చెయ్యయ్యా,” అంది కిష్టమ్మ. “పానమున్న మనిషి అడుగుతుండు.”

ఇశ్రాయేలుకు జాలి వేసింది. నిజంగానే వేసింది. లేచి దుప్పటి విప్పాడు, బిళ్ళ ఊడదీశాడు, చెయ్యి చాపాడు కూడా. మళ్ళీ ఇలాంటివి కొట్టిస్తారు అన్న మాట అప్పుడు బుర్రకెక్కింది. చాయ్ ఊదుకుంటున్న మట్టయ్య కళ్ళ ముందు కదిలాడు. చాపిన చెయ్యి తనంతట తానే వెనక్కి వచ్చింది.

“ఏమనుకోకుండ్రి సార్,” అన్నాడు, బిళ్ళ గుప్పిట్లో మూసుకుని. “మీ అసొంటి లీడర్లు మల్ల మల్ల ఒస్తరు. గీ పీసు మల్ల రాదు.”

పట్టాభిగారు గడియారం చూసుకున్నారు. “సరేనండి, వెళ్ళొస్తాను. నా వర్ధంతి సభకి టైమైంది. బ్యాడ్జీ లేకపోతే లోపలికి రానివ్వట్లేదు,” అని జేబులోంచి జోహార్ బిళ్ళ తీశారు. ఎంత గుచ్చినా పిన్ను ఎక్కలేదు. ఇశ్రాయేలే అందుకుని ఆయన చొక్కాకు గుచ్చి, వంకర లేకుండా సరిచేసి పంపించాడు.

ఇది విని మీరు ఇశ్రాయేలును తిడతారు. తిట్టండి, ఆయన అందుకు తగినవాడే. కానీ పుట్టినరోజు సభలో రెండు వేల బిళ్ళలూ ఒక్కటి మిగలకుండా పంచారు. మీ బీరువాలో, ఏ పాత చొక్కా జేబుకో ఒకటి ఉండే ఉంటుంది. తీసి ఇప్పుడైనా చదవండి. చదివాక ఇశ్రాయేలుకో మట్టయ్యకో ఇద్దామని మాత్రం పోకండి. జోహార్ బిళ్ళ అందరి దగ్గరా ఉన్నది.