రెండు షిఫ్టులూ ఎడమవే

పొద్దున్నే ఒక చిన్న పని ముగించుకుని, భార్యతో కలిసి పది గంటల బస్సెక్కాలన్నది ప్రోగ్రామరు ఇంట్లో చెప్పిన మాట. ఆ చిన్న పనిని సాగదీసి బస్సు తప్పించుకోవాలన్నది మనసులో అనుకున్న మాట. ఆ బస్సు వెళ్లేది బావగారి ఊరికి, అంటే భార్య అన్నయ్య ఊరికి. అక్కడ కుర్చీలో కూలబడేలోపే బావగారి పాత కంప్యూటరు ఎదురొచ్చేది. దాని వెనకే పక్కింటివాళ్ల ప్రింటరు, ఆపైన ఫోన్లు పట్టుకుని వీధి వీధంతా వచ్చేవాళ్లు.

"నేను ఆఫీసు నుంచి తిన్నగా బస్టాండుకొచ్చేస్తా, నువ్వెళ్లి సీట్లు పట్టు," అని భార్యను పంపాడు. అసలు పని ఆ బస్టాండులోనేనని మాత్రం చెప్పలేదు.

బస్టాండు మైకు గదిలో ప్రకటనలు చదివే అక్క కోసం అతనొక ప్రోగ్రాం రాశాడు. కీబోర్డులో ఎడమ కంట్రోల్ కీ నొక్కితే మైకు ఆన్ అవుతుంది, కుడి కంట్రోల్ నొక్కితే ఆగిపోతుంది. వినడానికి సులువే. కానీ కంప్యూటరు "కంట్రోల్ నొక్కారు" అని చెప్పి ఊరుకుంటుంది, ఎడమో కుడో చెప్పదు. కుడిదైతే మాత్రం కబురుతో పాటు ఒక చిన్న గుర్తు తగిలించి పంపుతుంది. ఆ కిటుకు పట్టుకోవడానికి అతని తల ప్రాణం తోకకొచ్చింది. ఇంట్లో అంతా సవ్యంగానే పనిచేసింది.

అక్క కీబోర్డు వైపు చూసి పెదవి విరిచింది. "ఈ కంట్రోల్ ఎక్కడో మూలనుంది తమ్ముడూ. నా వేలు అందదు. షిఫ్టు చూడు, ఎంత వెడల్పుగా ఉందో! దానికి మార్చెయ్."

"అదెంతసేపక్కా!" అని ప్రోగ్రాంలో కంట్రోల్ ఉన్నచోట షిఫ్టు అని రాసేశాడు.

అక్క ఎడమ షిఫ్టు నొక్కి ప్రకటన చదివి, కుడి షిఫ్టు నొక్కింది. ఇద్దరూ తృప్తిగా వెనక్కి వాలారు. మైకు ఆన్‌లో ఉందని చూపించే ఎర్రదీపం బొమ్మ వచ్చేవారం పెడదామని అతను ముందే వాయిదా వేసుకున్నాడు. కుడి కంట్రోల్‌కు తగిలించే గుర్తును కంప్యూటరు కుడి షిఫ్టుకు తగిలించదన్న సంగతి అతనికి తెలియదు. ప్రోగ్రాం లెక్కలో రెండు షిఫ్టులూ ఎడమవే. మైకు ఆగలేదు. గది తలుపు మందంగా ఉండడంతో బయటి స్పీకర్ల మోత లోపలికి రాలేదు.

"మా మేనేజరుకి చూపించాలి. ఆయనకి బస్సుకి ముందేదో వెనకేదో తెలిస్తే గొప్ప," అంది అక్క.

ఇంతలో భార్య ఫోను. "ఏవండీ, ఎక్కడున్నారు?"

"ఆఫీసులోనే. మా బాసు కదలనివ్వట్లేదు. పది గంటల బస్సు ఇంక లేదనుకో."

భార్య టక్కున ఫోను పెట్టేసింది.

"అమ్మయ్య, గండం గడిచింది," అని అతను అక్కతో మనసు విప్పాడు. "మా బావగారింటికి చుట్టంగా ఎప్పుడెళ్లాను కనక! ఆయన కంప్యూటరు చూస్తే నాకు జ్వరమొస్తుందక్కా."

తలుపు భళ్లున తెరుచుకుంది. మేనేజరు రొప్పుతూ వచ్చాడు. ఆయన వెనక సామాన్లతో జనం. "బస్సు లేదని చెప్పిందెవరు? డ్రైవరుతో సహా అందరూ దిగిపోయారు! మైకు ఆపు!"

ప్రోగ్రామరు కుడి షిఫ్టు నొక్కాడు. తన "అయ్యో" తనకే బయటినుంచి వినిపించింది. మళ్లీ నొక్కాడు. కంగారులో టకటకా నొక్కుతూనే పోయాడు. షిఫ్టును అన్నిసార్లు వరసగా కొడితే ఏదో సాయం కావాలేమోనని కంప్యూటరు కుయ్యిమని అరుస్తుంది. ఆ కూత స్పీకర్లలోంచి బస్టాండంతా మోగింది. ఎవరో సైరననుకుని "మంటలు!" అన్నారు. కదలడానికి సిద్ధంగా ఉన్న మిగతా బస్సులూ ఖాళీ అయ్యాయి.

"ముందేదో వెనకేదో తెలియనివాణ్ణి చెప్తున్నాను, ఆ వైరు పీకెయ్యవయ్యా!" అని మేనేజరు తనే వంగి మైకు వైరు పీకేశాడు.

అప్పటికి ప్రోగ్రామరుకు వెలిగింది. గుర్తు కాదు, ఒక్కో కీకి విడిగా ఉండే సొంత నంబరు చూడాల్సింది. ఆ మాట చెప్పబోయేంతలో, చెవి దగ్గర ఫోనుతో గుమ్మంలో భార్య కనిపించింది.

ఆమె ఫోను అరచేత్తో మూసింది. "నాకు మాత్రం వెళ్లాలనుందా? అక్కడ మా వదిన పోరు పడలేకే కదా, మీరే వద్దంటారని పొద్దుట్నుంచీ చూస్తున్నా. నోరు తెరిచి నాతో చెప్తే సరిపోయేది. ఊరందరికీ చెప్పాలా?"

అతనికి ప్రాణం లేచొచ్చింది. "మరి ఫోన్లో ఎవరు?"

"అన్నయ్య. రావట్లేదని చెబుదామని చేశాను. సరిగ్గా అప్పుడే మీకు జ్వరమొచ్చింది. అంతా విన్నాడు. ఇదిగో, మాట్లాడండి."

బావగారి గొంతులో కోపం లేదు. "అంత ఇబ్బంది పడుతున్నారని తెలీదు బావగారూ. మీరేం రావద్దు. కంప్యూటరూ, ప్రింటరూ బస్సులో వేసుకుని మేమే వస్తాం. నాలుగు రోజులుండి తీరిగ్గా చేయించుకుంటాం."

"చాలా సంతోషం బావగారూ," అన్నాడు ప్రోగ్రామరు.

ఆ గదిలో అతనాడిన అబద్ధాల్లో బస్టాండంతా వినపడనిది అదొక్కటే.