స్క్రూ లేని పచ్చ ఫ్యాను

విప్పి బాగుచేసుకునే వీలున్న ఏ వస్తువూ భూమికి మంచిది కాదు. ఈ మాట కైరోలో ధైర్యంగా చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే.

మీరే ఆలోచించండి. ఫ్యానుకు స్క్రూలుంటే మెకానిక్ వస్తాడు. వస్తే టీ అడుగుతాడు. టీకి గ్యాసు కాలుతుంది, నాలుగు చెంచాల చక్కెర ఖర్చవుతుంది. పని అయ్యాక అతను టుక్‌టుక్ ఎక్కి వీధంతా పొగ నింపి పోతాడు. ఇంత కాలుష్యానికి మూలం ఎవరు? స్క్రూ!

మా పైవాటాలో ఉండే ఈనాస్‌కు ఈ జ్ఞానం పుట్టుకతో రాలేదు. ఫ్యాన్ల కంపెనీలో డిజైనర్. కొత్త ఫ్యాను గీసినప్పుడు మోటారు మూతకు నాలుగు స్క్రూలు పెట్టింది. పదేళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరు విప్పి, బాగుచేసుకుని వాడుకోవాలని ఆమె పంతం.

వాళ్ల మేనేజర్ షౌకీ బే గొప్ప విలువలున్న మనిషి.

"ఆ స్క్రూలు చూస్తే ఫ్యాను చెడిపోతుందని మనమే ఒప్పుకున్నట్టుందమ్మా. జిగురు పెట్టి అతికించెయ్."

"అతికిస్తే విప్పేదెలా సార్?"

"విప్పడమెందుకు? మూతంతా పాత ప్లాస్టిక్ కరిగించి చేసిందే కదా. దాని మీదా, అట్టపెట్టె మీదా భూమికి మంచిదని పచ్చాకు బొమ్మ వేద్దాం."

ఎంత దూరదృష్టి! బాగుచేసుకునే వీలును అట్టపెట్టె మీద అచ్చు వేయలేం. ఆకును వేయగలం. ఈనాస్ నాలుగు రోజులు వాదించింది. ఐదో రోజున, ఆకైనా మిగిలిందిలే అని తల ఊపింది. గురువారం ఆమె సంతకం పడితే అచ్చులు పోతపోస్తారు.

నమూనా ఫ్యానును ఇంటికి తెచ్చుకుంది. మూడో రోజుకే అది మూలిగి ఆగిపోయింది. విప్పబోతే గోరు విరిగింది. సరిగ్గా అప్పుడే వీధిలో "బీకియా, బీకియా" అని కేక. పాత సామాన్లు కొనే రష్వాన్, అతని గాడిద బండి. ఈనాస్ ఫ్యానును బుట్టలో పెట్టి, బాల్కనీలోంచి తాడుతో కిందికి దించింది. కింది బాల్కనీలోంచి అంతా నేను చూస్తూనే ఉన్నాను.

రష్వాన్ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇంజనీరమ్మా, దీనికి తలుపెక్కడ?"

"తలుపు లేదు. అతికించాం."

"మరి లోపలి రాగి తీసేదెట్లా? పగలగొడితే జిగురంటిన ముక్కలు నా మొహం చూసి కూడా ఎవడూ కొనడు."

"మీద ఆకు బొమ్మ ఉంది, చూశావా?"

"చూశాను తల్లీ. మా గాడిదకూ చూపించాను. తినలేదు."

విరిగిన కుర్చీ కాళ్లు, ఒంటి చెప్పు, మా తాత కట్టుడు పళ్లు, అన్నీ మోసుకెళ్లిన బండి అది. ఫ్యాను మాత్రం బుట్టలో భద్రంగా తిరిగి పైకి వెళ్లింది. ఈనాస్ మొహం చూసి నాకు నిజంగా జాలేసింది.

గురువారం ఆమె ఆ ఫ్యానునే షౌకీ బే బల్ల మీద పెట్టిందట. "దీన్ని విప్పి చూపించండి సార్, జిగురుకే సంతకం పెడతాను. లేదంటే ఆకు తీసేసి నా స్క్రూలు నాకివ్వండి." ఆయన ఇప్పటికి రెండు కత్తులు విరగ్గొట్టారని వినికిడి.

నా అభిప్రాయం మాత్రం మారదు. స్క్రూ భూమికి శత్రువే. ఇది రాస్తున్నంతసేపూ నా నెత్తిన తిరుగుతున్నది మా నాన్న పెళ్లినాటి నాలుగు స్క్రూల ఫ్యాను. రష్వాన్ ఏటా అడుగుతాడు. నేను ఇవ్వను.